నిర్ణయం కోసం ఆగిన మంట

పైడమ్మ వంటింట్లో అంటుకున్న మంట, తనను ఆర్పాల్సింది ఎవరో తేలేదాకా పొయ్యి పక్కనే ఆగింది. మంటకు మర్యాద తెలుసు. మీటింగు వాయిదా పడినప్పుడు మాత్రం జానెడు ముందుకు జరిగేది.

ఎవరో తేలడం అంత సులువా మరి! ఇంటి ముందు సగం మునిసిపాలిటీది, వెనక సగం పంచాయతీది, వంటిల్లు సరిగ్గా హద్దు మీద. ఫైరింజన్ను మునిసిపాలిటీ పిలవాలి, నీళ్ళకు పంచాయతీ ఒప్పుకోవాలి, ఆలోగా కరెంటాఫీసు లైను ఆపాలి. ఆపమని చెప్పాల్సిన రెవెన్యూవాళ్ళేమో ముందు నష్టం అంచనా కావాలన్నారు. "ఇంకా కాలందే నష్టమెక్కడిది బాబూ?" అని పైడమ్మ అడిగితే, "అందుకేగా ఆగమంటున్నాం," అన్నారు. అప్పటిదాకా ఇంట్లోది ఏదీ కదపకూడదని ఉత్తర్వు వచ్చింది. వంటింటి పక్క గదిలో మంచాన పడ్డ అత్తగారు నూకాలమ్మ కూడా ఇంట్లోదాని కిందే లెక్కట.

ఉమ్మడి మీటింగులకు పైడమ్మ కూలి మానుకుని వెళ్ళేది. పెద్దసార్లు ఒక్కరూ వచ్చిన పాపాన పోలేదు. వాళ్ళు పంపినవాళ్ళు టీ తాగి, "సారు విని రమ్మన్నారంతే. చెప్పడానికి నాకు పవర్సు లేవమ్మా," అనేవారు. ఒకసారి మంటను కూడా పిలిచారు. అది తన తరఫున ఒక నిప్పురవ్వను పంపింది. రవ్వ కుర్చీ అంచున ఒద్దికగా కూర్చుని, "నన్నూ విని రమ్మన్నారండీ," అంది. దానికీ టీ ఇచ్చారు.

మొదట్లో పైడమ్మ అరిచింది, ఏడ్చింది, కాళ్ళమీద పడింది. ఎన్నాళ్ళని అరుస్తుంది పాపం! పోనుపోను ఓపిక చచ్చిపోయి, వాళ్ళతోపాటే టీ తాగడం మొదలుపెట్టింది. చివరికి కుటుంబం తరఫున ఆమెనూ కమిటీలో వేసుకున్నారు. అబద్ధమెందుకు, ఆమెకు కాస్త గొప్పగానే అనిపించింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి మంట గడప దాటి మంచంకోడు దగ్గర నిలబడి ఉంది. పక్కింటి సింహాచలం లుంగీ ఎగగట్టి సిద్ధంగా ఉన్నాడు.

"వదినా, చెరోవైపూ పట్టుకుందాం. మంచంతో సహా బయట పెట్టేద్దాం. ఎవడేమంటాడో చూద్దాం."

"పైడమ్మా, కాళ్ళకి సెగ తగుల్తోందే," అంది ముసలామె. "నన్ను తీసెయ్యండే తల్లీ."

అత్తంటే పైడమ్మకు ప్రాణం. ముసలామె కాళ్ళు మెల్లగా ముడిచి, దుప్పటి సర్ది, నుదురు నిమిరింది.

"కొంచెం ఓర్చుకో అత్తా," అంది. "పైవాళ్ళని అడగాలి."

సింహాచలం లుంగీ దించుకుని, మీటింగు ఎప్పుడని అడిగాడు.