లోటె గృహప్రవేశం

శనివారం ఉదయం పది గంటల పది నిమిషాలకు హోఫ్‌హైమ్‌లో జనార్దనరావు కొత్త ఇంటి హాల్లోకి ఒక ఆవు వెళ్లింది. సాయంత్రం దాకా బయటికి రాలేదు.

ఆవు పేరు లోటె. ఫ్రాంక్‌ఫర్ట్‌కు ఉత్తరాన కొండల్లో క్రూగర్ అనే ఆవిడ నడిపే ఫారానిది. మాంసం కోసం పెంచే జాతి. ఈ చివరి సంగతి ఆ ఇంట్లో తనకూ తన భార్య ప్రవీణకూ తప్ప ఎవరికీ తెలియదని ధీరజ్ అనుకున్నాడు. ఆవును తెచ్చింది అతనే.

ధీరజ్‌ది కరీంనగర్. ఎష్‌బోర్న్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో కొత్తగా చేరాడు. కంపెనీ పశువుల ఫారాలకు సాఫ్ట్‌వేర్ తయారుచేస్తుంది. ఏ పశువు ఎంత తిన్నది, ఎంత పెరిగింది, ఎప్పుడు అమ్మాలి అన్నది అది చెబుతుంది. చేరిన రోజే మేనేజర్ షరతు పెట్టాడు. ప్రాజెక్టులో ఉన్నవాళ్లందరూ మాంసపు పశువుల పెంపకం మీద దూరవిద్య కోర్సు పూర్తి చేయాలి. ప్రొబెట్సైట్, అంటే ఆరు నెలల పరీక్షాకాలం, ముగిసేలోగా పాసవ్వాలి. లేకపోతే ఉద్యోగం ఖాయం కాదు. ఉద్యోగం పోతే బ్లూ కార్డ్ వీసా కథ మళ్లీ మొదటికొస్తుంది. ధీరజ్ కోడిగుడ్డు కూడా తినడు. అయినా చేరాడు.

కోర్సు సంగతి అత్తగారికి చెప్పలేదు. భానుమతి కూతురి దగ్గర కొన్నాళ్లు ఉండటానికి హన్మకొండ నుంచి వచ్చింది. అక్కడ వాళ్ల కాలనీ గోశాల కమిటీకి ఆమె కార్యదర్శి.

"చెప్పేయ్ అమ్మకు. ఎన్ని రోజులు దాస్తవ్?" అంది ప్రవీణ.

"సర్టిఫికెట్ చేతికొచ్చినంక చెప్త."

మొదటి పాఠాలు ల్యాప్‌టాప్‌లో వచ్చాయి. పుస్తకాలు తర్వాత డబ్బాలో వచ్చాయి. ఆ పూట ఇంట్లో ఎవరూ లేరు. కొరియర్ మనిషి జర్మనీలో చేసే పనే చేశాడు. డబ్బాను పక్కింట్లో ఇచ్చిపోయాడు. అప్పటికి పక్కింట్లో ఉండేది జనార్దనరావు. ఆయన గుంటూరు నుంచి వచ్చి తొమ్మిదేళ్లయింది. ఆఫీసులో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. జర్మన్ మాత్రం బేకరీలో అడిగేంత వరకే వచ్చు. డబ్బా మూత మీద ఆవు బొమ్మ చూసి ఆయనే స్వయంగా మోసుకొచ్చాడు.

"ఏవయ్యా ధీరజ్, ఈ ఆవేంటి? ఐటీ మానేసి పాల వ్యాపారం పెడతన్నావా?"

ధీరజ్ నోరు తెరిచాడు. ఈలోగా భానుమతి వంటింట్లోంచి వచ్చింది. డబ్బా చూసింది. అల్లుణ్ని చూసింది.

"గోసేవ బాబూ. మా అల్లుడు గోసేవ మీద కోర్సు చదువుతుండు. పోస్టుల."

జనార్దనరావు డబ్బా కింద పెట్టి ధీరజ్ రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆయన హోఫ్‌హైమ్‌లో కొత్త ఇల్లు కొన్నాడు. గృహప్రవేశానికి ముందు ఆవు అడుగుపెట్టాలి.

"మా మీనాక్షి మూడు నెలల్నించి నా ప్రాణం తీస్తంది. కార్ల్స్‌రూహెలో మా తోడల్లుడు టీవీలో ఆవు వీడియో పెట్టి కానిచ్చాడు. నాకట్లా కుదరదయ్యా. నాకు నిజం ఆవు కావాలి."

"సార్, నేను చదివేది..."

"చదివేవాడివి నువ్వు తేకపోతే ఇంకెవరు తెస్తారు?"

కాదనాలంటే ఏం చదువుతున్నాడో చెప్పాలి. ధీరజ్ సరేనన్నాడు.

కోర్సుకు చివర ప్రాక్టికల్ పరీక్ష ఉంది. విద్యార్థి పశువు పక్కన నిలబడాలి. పరీక్షకుడు ఫోన్‌లో వీడియో చూస్తూ ప్రశ్నలడుగుతాడు. ధీరజ్‌కు టెర్మిన్, అంటే పరీక్షకు కేటాయించిన సమయం, శనివారం పదకొండు గంటలకు దొరికింది. ఆ తర్వాతి టెర్మిన్ ప్రొబెట్సైట్ ముగిశాక ఉంది. గృహప్రవేశం ముహూర్తమూ ఆ శనివారమే. కోర్సువాళ్లు ప్రాక్టీసుకు చూపించిన ఫారం క్రూగర్‌ది. ఆమె లోటెను ఇవ్వడానికి ఒప్పుకుంది. లోటె సంతల్లో ప్రదర్శనలకు తిరిగిన ఆవు, జనాన్ని చూసి బెదరదు. ఉదయం దించి, గడ్డి కోతకు వెళ్లి, సాయంత్రం వచ్చి తీసుకెళ్తానంది. ధీరజ్ ప్లాను ఇది: ఆవు గడప దాటుతుంది, హారతి తీసుకుంటుంది, బయటికి వస్తుంది, ఇంటి ముందు పచ్చికలో పరీక్ష జరుగుతుంది.

ఆవు గడప దాటింది. హారతి తీసుకుంది. హాలు మధ్యలో ఆగింది. నేల కొత్త పార్కెట్, నున్నటి చెక్క. మెరుస్తోంది. ధీరజ్ తాడు లాగాడు. ఆవు కదల్లేదు. ఇది నాలుగో పాఠంలో ఉంది. జారే నేల మీద పశువు అడుగు వేయదు, తోస్తే పడుతుంది. పరిష్కారం కూడా పాఠంలో ఉంది: నేల మీద గరుకుగా ఉన్నదేదైనా పరచాలి. కొత్త ఇంట్లో పరచడానికి ఇంకా ఏమీ లేదు.

ఆవు ముందు అరటిపళ్లు పెట్టారు. తిన్నది. బెల్లం పెట్టారు. తిన్నది. మీనాక్షి చక్కెర పొంగలి గిన్నె తెచ్చి పెట్టింది. అది కూడా అయ్యాక ఆవు హాల్లో పేడ వేసింది.

"శుభం! శుభం!" అన్నాడు జనార్దనరావు. అందరూ దణ్ణం పెట్టారు. పార్కెట్ వేసిన కంపెనీ యజమాని బెకర్ కూడా అతిథిగా వచ్చాడు. ఆయన కుర్చీలో కూర్చుని, దీని అర్థమేమిటని ఇంగ్లీషులో అడిగాడు. ఇంటికి మంచిదని జనార్దనరావు చెప్పాడు. పార్కెట్‌కు కూడానా అని బెకర్ అడిగాడు.

పదకొండింటికి ఫోన్ మోగింది. పరీక్షకుడు వోగెల్. ప్రవీణ ఫోన్ పట్టుకుంది. ఆవు కదలదు కాబట్టి పరీక్ష హాల్లోనే మొదలైంది. ఆవు నుదుట పసుపూ కుంకుమా ఎందుకని వోగెల్ జర్మన్‌లో అడిగాడు. పండగ అని ధీరజ్ చెప్పాడు. వోగెల్ రాసుకున్నాడు. బరువు అంచనా అడిగాడు. ఆరువందల ఇరవై కిలోలని ధీరజ్ చెప్పాడు. తర్వాత, పశువు ఒంటి మీద చెయ్యి పెట్టి ఏ భాగం నుంచి ఏ మాంసపు ముక్క వస్తుందో వరసగా చెప్పమన్నాడు.

ధీరజ్ మెడ మీద చెయ్యి పెట్టాడు. "నాకెన్." భుజం మీద పెట్టాడు. "బూగ్."

"ఏం చెబుతున్నాడు పిన్నిగారూ?" అని మీనాక్షి అడిగింది.

భానుమతి అందరికీ వినపడేలా చెప్పింది. "ఆవు ఒంట్ల ఏ జాగల ఏ దేవుడుంటడో చెప్తుండు. జర్మన్‌ల."

ఆడవాళ్లు ముందుకు జరిగారు. ధీరజ్ ఎక్కడ చెయ్యి పెడితే అక్కడ కళ్లకద్దుకోవడం మొదలుపెట్టారు. జనార్దనరావు కూడా ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాడు.

పురోహితుడు రవీంద్రనాథ్ సోమవారం నుంచి శుక్రవారం దాకా డ్యూసెల్‌డార్ఫ్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్. మంత్రం ఆపకుండానే ధీరజ్ పక్కకు వచ్చాడు. చెవిలో చెప్పాడు.

"సార్, కొంచెం మెల్లగా. నాకు జర్మన్ బీ టూ అయింది. అన్నీ తెలుస్తున్నాయి."

"పంతులుగారూ, నా ఉద్యోగం."

రవీంద్రనాథ్ ఫోన్ వైపు చూశాడు. జనం వైపు చూశాడు. ఇంకా దక్షిణ తీసుకోలేదు. మంత్రం గట్టిగా అందుకున్నాడు.

ధీరజ్ వెన్ను దాకా వచ్చాడు. ఆగాడు. ఆ భాగానికి జర్మన్‌వాళ్లు పెట్టుకున్న పేరు రోస్ట్‌బీఫ్. ఇంతసేపూ చెప్పిన మాటలు బెకర్‌కూ పంతులుగారికీ తప్ప అక్కడి జనానికి తెలియవు. ఈ మాట తెలియనివాళ్లు ఎవరూ లేరు.

"ఆ తర్వాత?" అన్నాడు వోగెల్.

ధీరజ్ చెప్పాడు. సరిగ్గా అప్పుడే భానుమతి హారతి గంట కొట్టింది.

వినపడలేదు, మళ్లీ చెప్పమన్నాడు వోగెల్. ధీరజ్ మళ్లీ చెప్పాడు. గంట మళ్లీ మోగింది.

"అమ్మా, జరసేపు గంట ఆపు," అంది ప్రవీణ.

"దేవుని పేరొచ్చినప్పుడు గంట కొట్టొద్దా?"

గంట తగ్గుతుందేమోనని వోగెల్ ఎదురుచూశాడు. అది తగ్గలేదు. చెయ్యి సరైన చోటే ఉంది, చాలు అన్నాడు. పరీక్ష ముగిసింది.

మధ్యాహ్నం భోజనాలు ఆవు చుట్టూ కూర్చుని చేశారు. ఆవుకు పులిహోర కూడా అందింది. భోజనాలయ్యాక ధీరజ్ నాలుగో పాఠం సంగతి చెప్పాడు. జనార్దనరావు, రవీంద్రనాథ్ వీధిలో ప్రతి ఇంటి తలుపూ తట్టి, గుమ్మం ముందు వేసే కొబ్బరి పీచు పట్టలు అడిగారు. ఎందుకని అడిగినవాళ్లకు ఇంట్లో ఆవు ఉందని చెప్పారు. జర్మన్‌వాళ్లు పట్టలు ఇచ్చారు. వాటితోపాటు చూడటానికి కూడా వచ్చారు. హాలు నుంచి గడప దాకా పట్టలు పరిచాక ఆవు నడిచి బయటికి వచ్చింది.

క్రూగర్ ట్రెయిలర్‌తో వచ్చి ఆవు పొట్ట నిమిరింది. బాగా మేపారని మెచ్చుకుంది. జర్మన్‌లో ఇంకో మాట చెప్పింది. రవీంద్రనాథ్ తెలుగులో చెప్పడానికి తటపటాయించాడు.

"ఏవంటంది పంతులుగారూ?" అన్నాడు జనార్దనరావు.

"అక్టోబర్‌లో దీన్ని పంపిస్తారట సార్."

"ఎక్కడికి?"

రవీంద్రనాథ్ ఎక్కడికో చెప్పాడు. మీనాక్షి మొగుడి వైపు తిరిగింది. "లక్ష్మిలా ఇంట్లోకొచ్చింది. దాన్ని కోస్తారా? ఇక ఈ ఇంట్లో నేను పొయ్యి వెలిగిస్తే ఒట్టు."

జనార్దనరావు ధీరజ్ వైపు తిరిగాడు. "నీకు తెలుసా ఈ సంగతి?"

సమాధానం భానుమతి చెప్పింది.

"తెల్సే తెచ్చిండు బాబూ. మీ అసొంటి పుణ్యాత్ముల కండ్లల్ల పడితే బతుకుతదని."

జనార్దనరావు పచ్చికలో నిలబడే ఆవును కొన్నాడు. అది క్రూగర్ ఫారంలోనే ఉంటుందనీ, మేతా బరువూ ధీరజ్ చూసుకుంటాడనీ అక్కడే నిర్ణయమైంది. ధీరజ్‌ను ఎవరూ అడగలేదు.

ఇంటికి వచ్చాక ధీరజ్ భానుమతి ఎదురుగా కూర్చున్నాడు.

"అత్తమ్మా, మీకొక మాట చెప్పాలె. ఆ కోర్సు..."

"నాకు మొదటి వారమే ఎర్కైంది బిడ్డా. ల్యాప్‌టాప్ తెరిచి పెట్టి స్నానానికి పోయినవ్. ఫోన్ల కెమెరా పెడితే జర్మనంత తెలుగుల వచ్చింది. ముందు నాకు కండ్లు తిరిగినయ్."

"మరెందుకు అడగలేదు?"

"అడిగితే కోర్సు మానేస్తుంటివి. నౌకరి పోతే నా బిడ్డ ఏడికి పోవాలె?" భానుమతి కుడి చెయ్యి ఒత్తుకుంది. "గంట కొట్టి కొట్టి రెక్క నొస్తుంది. ఇగో, ఈ ముచ్చట హన్మకొండల మాత్రం అనకు. వచ్చే నెల కమిటీ ఎలక్షన్లున్నయ్."

గురువారం ఫలితం వచ్చింది. ధీరజ్ పాసయ్యాడు. పరీక్ష సమయంలో ఇంత శాంతంగా నిలబడిన పశువును తాను చూడలేదని, గంట కారణం కావచ్చని వోగెల్ రాశాడు. నెలాఖరుకు ఉద్యోగం ఖాయమైంది. జనార్దనరావు వీడియో 'జర్మన్ భాషలో గోస్తుతి' పేరుతో తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో ఉంది. గంట మోగిన చోట శబ్దం స్పష్టంగా లేదు.

అక్టోబర్ దాటింది. క్రూగర్ ఫారంలో ధీరజ్ కంపెనీ సాఫ్ట్‌వేరే వాడతారు. పోయిన సోమవారం తూచినప్పుడు లోటె ఏడువందల పది కిలోలుంది. అమ్మకానికి సిద్ధం అని సాఫ్ట్‌వేర్ చూపించింది. ధీరజ్ 'వాయిదా' నొక్కాడు.