బ్రాందీ తాగిన మిరపతోట

వ్యవసాయాఫీసులన్నీ రేపే మూసెయ్యాలని నా డిమాండు. మా ఊళ్లో టీ బంకు ఉండగా ఆఫీసరుకు జీతం దండగ, జీపుకు డీజిలు దండగ!

నమ్మరా? మొన్నామధ్య మిరపకు ఆకుముడత వచ్చింది. ఆఫీసరు గారు ఆకు తిప్పి చూసి, "ఒక్క మందే కొట్టండి, వారం ఆగండి" అన్నారు. ఆ సలహా కాగితమై పంచాయతీ గోడకు అతుక్కుంది. మర్నాటికి మేక తినేసింది.

టీ బంకు దగ్గర పుట్టిన మాటను ఏ మేక తినగలదండీ? పొద్దున్నే, పుల్లమజ్జిగ కొడితే చాలనే పార్టీ పుట్టింది. మధ్యాహ్నానికి షాంపూ పార్టీ దాన్ని చిత్తుగా ఓడించింది. సాయంత్రానికల్లా మూడు మందులు కలిపి కొట్టే కూటమి అధికారంలోకి వచ్చేసింది. ఇంత ప్రజాస్వామ్యం ఢిల్లీలో ఉందా?

ఆ ఊపులో నా నోరూ ఊరుకోలేదు. "అందులో ఓ క్వార్టరు బ్రాందీ కూడా పొయ్యరా యలమందా, పురుగు తూలి పడిపోద్ది!" అన్నాను. నా పక్క చేను కౌలుకు చేసే యలమందయ్య పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వి ఇంటికొచ్చాను.

ఎనిమిదో రోజున పిడుగురాళ్ల నుంచి మా బావమరిది లక్ష్మీకాంత్ కొత్త సెల్లులో ఫోను చేశాడు. "బావా, ఎవరికీ చెప్పమాక! మందులో బ్రాందీ కలిపితే ముడత మాయమంట. ఎవరో పెద్ద సైంటిస్టు కనిపెట్టాడంట!" మంగళగిరికి చీరలకెళ్లిన మా వియ్యపురాలు అదే మాట మోసుకొచ్చింది. బ్రాడీపేటలో నా పన్ను పీకుతూ డాక్టరూ అదే చెప్పాడు. అంత చదువుకున్నవాడు చెప్పాక ఇంకా అనుమానమా?

ఔరా, నేను వేళాకోళానికి అన్నది కూడా సైన్సేనన్నమాట! మురిసిపోయి మూడు మందులూ, బ్రాందీ కలిపి రెండెకరాలకూ కొట్టించాను.

మూడు రోజులకు తోటంతా మాడిపోయింది. నా భార్య పున్నమ్మ గట్టు మీద కూలబడి ఏడ్చింది. "ఎవడండీ మీకీ బుద్ధి చెప్పింది?" అంది. పళ్ల డాక్టరు పేరు చెప్పి తప్పించుకున్నాను.

ఇవాళ పొద్దున చూద్దును గదా, యలమందయ్య మందు కొట్టే పంపులో బ్రాందీ పోస్తున్నాడు! పరిగెత్తాను.

"ఒరేయ్, ఆగరా! అది నేను నవ్వులాటకు అన్న మాటరా! నా తోట చూడు!"

యలమందయ్య నా వైపు జాలిగా చూశాడు.

"మీరు సరిగ్గా కలిపుండరండీ. ఆ రోజు మీరొక్కరే చెప్పారు, నేను నమ్మానా? ఇప్పుడు జిల్లా అంతా చెబుతుంటే మీరొక్కరే కాదంటున్నారు!" అని పంపు భుజానికెత్తుకున్నాడు.

ఆఫీసరు గారూ, ఆఫీసు ఇంకా తెరిచే ఉందా అండీ? జీపు కాస్త తొందరగా పంపండి. వాడు అప్పుడే రెండో సాలులో ఉన్నాడు.