ఏడు బొమ్మల పత్తా

బుధవారం పొద్దున సిద్ధరాములు వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలలోపు చద్దరు అంచుకు గ్రాఫు గీయాలి, మధ్యాహ్నంలోపు ఆ గ్రాఫును మగ్గానికి అందించే జకార్డు అట్టలకు రంధ్రాలు కొట్టాలి, ఆ పైన భోజనం చేసి ఒక కునుకు తీయాలి. సోలాపుర్ నీలం నగర్‌లోని నర్సప్ప కార్ఖానాలో ఇరవై రెండేళ్ళుగా ఆయన చేస్తున్నది ఇదే. నెమలి, తామర, పులి, ఏ బొమ్మ చద్దరు మీదికి ఎక్కాలన్నా ముందు తన గళ్ళ కాగితం మీద నడిచి వెళ్ళాల్సిందేనని ఆయన గర్వం. గర్వానికి జీతం పెంచనక్కర్లేదు కనుక నర్సప్ప కూడా దానికి అడ్డు చెప్పలేదు.

అయితే ఆ ఏడాది, అంటే తొంభై ఎనిమిదిలో, ఇచల్‌కరంజి నుంచి ఒకాయన కంప్యూటరు మోసుకొచ్చి అరగంటలో నెమలిని గీసి చూపించి వెళ్ళాడు. అప్పటినుంచి నర్సప్ప సిద్ధరాములును చూసే చూపు మారింది. పాత సైకిలును అమ్మబోయే ముందు చూసే చూపు అది.

"సిద్ధరాములూ, ఎవడో మన చద్దర్లకు నకలు కొడ్తున్నడు. అంచు మీద మన పత్తా నేయాలె. పేరు, గల్లీ, ఇంటి నంబరు, పిన్‌కోడు, అన్ని రావాలె. తెలుగుల, మరాఠిల, హిందిల. ఇయ్యాల్నే కావాలె. నీతోని కాకపోతే చెప్పు, ఆ కంప్యూటరాయన్ను పిలుస్త."

"కాకపోవుడేంది మాలక్! దోన్ తాసుల అయిపోతది," అన్నాడు సిద్ధరాములు.

రెండు గంటలు గడిచాక తేలిందేమిటంటే, అంచు వెడల్పు నాలుగు వేళ్ళు, చిరునామా పొడవు మూడు భాషలు. తెలుగు అక్షరాలు గళ్ళలో దిగేసరికి జిలేబీల్లా చుట్టుకుపోయాయి. మరాఠీ తలకట్టు వెళ్ళి నెమలి కడుపులో గుచ్చుకుంది. పిన్‌కోడుకు చోటే లేదు. నాలుగు కాగితాలు చించి పారేశాక సిద్ధరాములుకు ఆదివారం సాయంత్రం కేబుల్ టీవీలో చూసిన ఇంగ్లీషు సీరియల్ గుర్తుకు వచ్చింది.

ఆయనకు ఇంగ్లీషు రాదు. అందువల్ల కథ పూర్తిగా అర్థమైంది. అందులో ఒక కప్తాను ఆకాశంలో ఓడ నడుపుతాడు. వేరే లోకానికి వెళ్ళాలంటే ఎదురుగా ఉన్న పలక మీద చుక్కల గుంపుల బొమ్మలు ఏడు వరుసగా నొక్కుతాడు. ఆరు బొమ్మలు వెళ్ళవలసిన చోటును చెబుతాయి, ఏడోది బయలుదేరిన చోటును చెబుతుంది. ఓడ నేరుగా ఆ లోకం గడప ముందు దిగుతుంది. కోట్ల మైళ్ళ అవతలి లోకాలే ఏడు బొమ్మల్లో ఇమిడిపోతుంటే, అక్కల్‌కోట్ రోడ్డు పక్కనున్న నీలం నగర్ ఇమడదా? సిద్ధరాములు పెన్సిలు చెక్కాడు.

సీరియల్‌లోని బొమ్మలు గుర్తు లేవు. దానికేం, చుక్కలు ఇంగ్లీషువాళ్ళ సొత్తా? సిరిసిల్ల నుంచి వలస వచ్చిన నాయనమ్మ చిన్నప్పుడు ఆకాశంలో చూపించినవన్నీ ఆయనకు తెలుసు. ఆరు పిల్లలతో పిల్లలకోడి, గొల్లకావడి, ముసలమ్మ మంచం, తేలు, తక్కెడ, జంట చేపలు. ఇవి ఆరు. సరుకు బయలుదేరేది మగ్గం దగ్గర కనుక ఏడోదిగా మగ్గంలో అటూ ఇటూ తిరిగే నాడెను గీశాడు. నాలుగు వేళ్ళ అంచులో ఏడు బొమ్మలూ ఒద్దికగా కూర్చున్నాయి.

ఆయన గ్రాఫు పట్టుకుని వెళ్ళేసరికి నర్సప్ప స్కూటరు ఎక్కి ఉన్నాడు. నర్సప్ప మెడలో, నీచు ముట్టని భక్తులు వేసుకునే తులసి మాల ఉంటుంది. ఏటా ఆషాఢ ఏకాదశికి పండరిపురం నడిచి వెళతాడు. ఇంట్లో ఉల్లిపాయ కోసినా ముక్కు మూసుకుంటాడు. ప్రతి బుధవారం మధ్యాహ్నం మాత్రం నూలు నాణ్యం చూసి రావడానికి హోట్గి రోడ్డుకు వెళతాడు. నూలు నాణ్యం ఒంటిగంట దాటితే చల్లారిపోతుంది కాబోలు, ఆ రోజున ఆయనకు ఎక్కడలేని తొందర.

"పత్తా ఏదిరా ఇందుల?"

"ఇదే పత్తా మాలక్. కొత్త పద్ధతి. చుక్కల పత్తా. ముందు ముందు లోకమంత ఇట్లనే రాస్తది."

"బరాబర్, బరాబర్," అంటూ నర్సప్ప స్కూటరు సీటు మీదే గ్రాఫుకు సంతకం గీకి వెళ్ళిపోయాడు.

గురువారం మధ్యాహ్నానికి మగ్గం నడిపే లింగయ్య మొదటి చద్దరు దించాడు. కొత్త డిజైనులో తొలి చద్దరును ఇంటికి పెద్దైన వాళ్ళ మంచం మీద పరచడం నర్సప్ప ఇంటి ఆచారం. ఇంటికి పెద్ద ఆయన తల్లి మల్లమ్మ. తుంటి విరిగి రెండేళ్ళుగా ఆమె మంచం దిగలేదు. కాళ్ళు చేయవలసిన పని కూడా అప్పటినుంచి నోరే చేస్తోంది. ఆమె కళ్ళజోడు పెట్టుకుని అంచును ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చదివింది. తర్వాత, పక్కన కూర్చుని బీడీలు చుడుతున్న పొరుగింటి యశోదను పిలిచింది.

"ఇగో చూడు యశోదా. ఆరు పిల్లల కోడి. మా కోడలు ద్రౌపదికి పిల్లలు ఎందరు?"

"ఆరుగురే గద!"

"రెండు దిక్కుల మోసెటోడు ఈ కావడోడు. వాడు నా కొడుకు. ఒక దిక్కు నేను, ఒక దిక్కు పెండ్లాము. ఇగ ఇది ముసలిదాని మంచం. మంచానికి ఆనుకొని ఏమున్నది?"

యశోద వంగి చూసింది. "అయ్యో! తేలు!"

"నేనేమన్న నోరు తెరిచిన్నా? రెండేండ్ల సంది ఓర్సుకున్న. ఆఖరికి సిద్ధరాములే నేసి చూపెట్టిండు. వాడు సల్లగుండాలె."

కోడలు ద్రౌపది చాయ్ గ్లాసుతో గడపలో నిలబడి ఇదంతా విన్నది. ఆ చాయ్ మంచం దాకా రాలేదు. యశోద మాత్రం చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి ఆ సాయంత్రం బీడీ కార్ఖానాకు వెళ్ళింది. అక్కడ నాలుగు వందల మంది ఆడవాళ్ళు వరుసలో నిలబడి ఉంటారు. ఇంతకంటె వేగంగా వార్త పంపాలంటే ఆ కప్తాను ఓడే కావాలి.

నర్సప్ప ఇంటికొచ్చి సంగతి విని పగలబడి నవ్వాడు. "బొమ్మలకు గుస్సా చేస్తరానే? పాగల్!"

"నవ్వు, నవ్వు. కోడిని నేను, తేలును నేను. మంచం మీ అమ్మది, తక్కెడ నీ ధందా. అన్ని కుదిరినయి. మరి ఈ చేపలేంది? మాల ఏసుకున్నోని ఇంట్ల చేపలేంది? బుధవారం బుధవారం హోట్గి రోడ్ల ఏం నూలు చూస్తున్నవు?"

నవ్వు సగంలో ఆగింది. నిజాయితీపరుడికి కోపం కొంచెం ఆలోచించి వస్తుంది. నర్సప్పకు వెంటనే వచ్చింది.

శుక్రవారం పొద్దున్నే కార్ఖానాలో మగ్గాల చప్పుడును మించి ఆయన గొంతు వినిపించింది.

"ఎవడు చెప్పిండురా నీకు?"

"ఏంది మాలక్?"

"చేపల సంగతి!"

"మా నాయనమ్మ మాలక్."

"మీ నాయనమ్మ సచ్చి ముప్పై ఏండ్లాయె! హోట్గి రోడ్డు హోటల్ పెట్టి మూడేండ్లు కాలె! ఆమెకెట్ల తెలుసు?"

లింగయ్య మగ్గం ఆపాడు. పక్క మగ్గాలవాళ్ళూ ఆపారు. అప్పటిదాకా ఎవరికీ తెలియని హోటలు సంగతి ఈ విధంగా యజమాని స్వయంగా ప్రకటించాడు. సాయంత్రానికి బీడీ వరుసలో తేలు పాతబడిపోయి చేపలు పైకొచ్చాయి.

"మాలక్, తుల్జాపుర్ భవాని సాక్షి, నాకేం తెల్వది," అన్నాడు సిద్ధరాములు. "అవి ఆకాశంల చుక్కలు. అది నిజంగనే పత్తా. ఆరు బొమ్మలు చేరే జాగ, ఏడోది..."

"పత్తానా? సరే. పేరు లేకుంట, గల్లీ లేకుంట, ఈ ఏడు బొమ్మలే గీసి ఒక కార్డు డబ్బాల ఏయి. సోమవారం పొద్దుమూకేలోపట అది నా ఇంటికొస్తే నీ నౌకరీ ఉంటది. రాకుంటే మంగళవారం నీ కుర్సీల కంప్యూటర్ కూసుంటది."

సిద్ధరాములు పోస్టుకార్డు మీద ఏడు బొమ్మలూ గీశాడు. వెనుక వైపు ఒక్క వాక్యం రాశాడు: "మాలక్, ఈ కార్డు మీరు చదువుతున్నారంటే నా నౌకరీ ఉన్నట్టే." డబ్బాలో వేసి చేయి వెనక్కి తీసుకున్న క్షణంలోనే ఆయనకు తాను చేసిన పని అర్థమైంది. సీరియల్‌లో పోస్టాఫీసు లేదు.

నలభై ఏడేళ్ళ వయసు. గళ్ళు నింపడం తప్ప ఇంకో విద్య రాని చేతులు. ఆయనకు నిజంగానే భయమేసింది. శనివారం అన్నం ముందు కూర్చుని కూడా కార్డు సంగతే చెప్పాడు.

"మూల మీద కనపడకుంట సన్నగ పేరు రాసుంటే అయిపోయేది గద!" అన్నది భార్య కళావతి.

"పేరు రాస్తే ఇగ పత్తా గొప్పేముంటదే?"

"గొప్ప వండి పెట్టమంటవా మంగళవారం?"

ఆదివారం ఆయన పోస్ట్‌మన్ దత్తాత్రి ఇంటికి వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు. "దత్తాత్రీ, బొమ్మల కార్డు ఒకటొస్తది. జర మా మాలక్ ఇంట్ల పడెయ్యవా?"

"సర్కారీ కామ్, సిద్ధరామన్నా," అన్నాడు దత్తాత్రి దయలేకుండా. "పత్తా మీద ఏముంటే గా ఇంటికే పోతది. శిఫారసు చెల్లది."

సోమవారం నాలుగు గంటలకు నర్సప్ప తన వరండాలో గడియారం పక్కన కూర్చున్నాడు. తలుపు దగ్గర ద్రౌపది, కిటికీ లోపల మంచం మీద మల్లమ్మ, మెట్ల కింద సిద్ధరాములు. పని ఉన్నట్టు నటిస్తూ లింగయ్య కూడా వచ్చాడు. బీడీ ఆకు తట్టతో యశోద రాకుండా ఎలా ఉంటుంది?

అయిదుంపావుకు సైకిలు గంట మోగింది. దత్తాత్రి నేరుగా వచ్చి, చూడకుండానే, నర్సప్ప చేతిలో కార్డు పెట్టాడు. ఏడు బొమ్మలు. ఒక్క అక్షరం కూడా లేదు.

నర్సప్ప కార్డును తిప్పాడు, వాక్యం చదివాడు, మళ్ళీ తిప్పాడు. "ఎట్ల తెలిసిందిరా ఇది నాదని?"

"పోస్టాఫీసుల గడ్‌బడ్ అయింది సేట్. రెండు దినాలు పంచాయితి నడిచింది," అన్నాడు దత్తాత్రి, ద్రౌపది వైపు ఒకసారి బెదురుగా చూసి. ఆమె అప్పటికే కొంగు నడుముకు దోపింది.

"చెప్పు. తేలును చూసి తెచ్చినవా?"

"లేదు వైనీ! అబద్ధమెందుకు? ఆరుగురు పిల్లలున్న ఇండ్లు నీలం నగర్ల మస్తున్నయి. ముసలమ్మ మంచం, పక్కన తేలు అంటే నా బీటులనే ఇరవై ఇండ్లు తేలినయి. కావడి మోసేటోడు లేని ఇల్లే లేదు. ఏ ఇంటికి ఇయ్యాలె? కార్డు వాపస్ పంపిద్దామన్నరు. గప్పుడు ఉత్తరాలు ఏరే మా సార్టర్ చేపలు చూసిండు." ఇక్కడ దత్తాత్రి గొంతు తగ్గించాడు. "మాల ఏసుకొని చేపలు తినేటోడు సోలాపుర్‌ల ఒక్కడే, ఇది నర్సప్ప సేట్‌దే అన్నడు. ఇగ పంచాయితి తెగింది."

యశోద తట్ట దించి కూర్చుంది. ఇరవై ఇళ్ళలో తేళ్ళున్నాయన్న సంగతి కిటికీ లోపలి మల్లమ్మను బాగా కుంగదీసింది. తన కష్టం ప్రత్యేకమైనదని ఆమె ఇన్నాళ్ళూ అనుకుంటోంది.

"విన్నరా అత్తా? తేలు ఇంటింటికి ఉన్నదంట," అన్నది ద్రౌపది మెల్లగా. తర్వాత భర్త ముందు చెయ్యి చాచింది. నర్సప్ప స్కూటరు తాళంచెవి ఆ చేతిలో పెట్టాడు.

మాట ఇచ్చాడు కనుక, పైగా అయిదుగురు సాక్షులున్నారు కనుక, సిద్ధరాములు ఉద్యోగం నిలిచింది. ఇచల్‌కరంజికి రావద్దని కబురు వెళ్ళింది. కళావతి ఆ పూట పప్పుతో పాటు పాయసం కూడా చేసింది. సిద్ధరాములు మూడుసార్లు వడ్డించుకుని, పత్తా అంటే పేరు కాదనీ, గుర్తు అనీ ఆమెకు వివరంగా చెప్పాడు.

మర్నాడు నర్సప్ప ఒకే ఒక్క మార్పు చెప్పాడు. చేపలు తీసేసి, వాటి స్థానంలో పండరిపురం వెళ్ళేవాళ్ళు పట్టుకునే జెండా పెట్టాలి. సిద్ధరాములు ఎంతో భక్తితో పెట్టాడు. కొత్త పత్తా పనిచేస్తుందో లేదో చూడడానికి నర్సప్ప తన చేత్తోనే ఇంకో కార్డు డబ్బాలో వేశాడు.

ఆ కార్డు ఇంతవరకు ఆయనకు చేరలేదు. నీలం నగర్‌లో ఒక్కో ఇంటి అత్తగారు అది తమ ఇంటిదేనని తీసుకుని, నాలుగు రోజులు అందరికీ చూపించి, పక్కింటి అత్తగారికి అందజేస్తున్నారు.