లస్మవ్వ టిఫిను, మసాలా ముఠా

"నా కన్నుగప్పి తప్పించుకునే నేరస్థుడు ఇంకా పుట్టలే. పుట్టినా జగిత్యాల దిక్కు రాడు!" అని ప్రకటించాడు డిటెక్టివ్ దేవదాస్, వేణు ఆధార్ కార్డును తలకిందులుగా జిరాక్స్ తీస్తూ. జిరాక్స్ దుకాణం లోకం కోసం వేసిన మారువేషమట.

వేణుకు వేరే దిక్కు లేదు. కొడుకు పుట్టెంట్రుకల దావతు నాడు అతని భార్య కల్పన నాలుగిళ్లకు మటన్ పంపింది. అందులో ఒక గిన్నె అత్త లస్మవ్వ స్టీలు టిఫిను. చనిపోయిన ఆమె తమ్ముడు మస్కట్ నుంచి తెచ్చిచ్చిన టిఫిను అది. మళ్లీ ఇల్లు చేరలేదు. ఏ ఇంటికి దేంట్లో పంపిందో కల్పనకు గుర్తులేదు. అడిగితే అందరూ "మా ఇంట్ల లేదు" అన్నారు. అప్పటినుంచి లస్మవ్వ కోడలితో మాట మానేసింది. ముగ్గురూ ఒకే గదిలో ఉన్నా "వేణూ, నాకు మంచినీళ్లు గావాలెనని ఆమెకు చెప్పు" అంటుంది. కల్పన నీళ్లు తెచ్చి వేణు చేతిలో పెడుతుంది. మధ్యలో పాపం వేణుకు ప్రాణం విసిగిపోయింది.

"మటన్ ఎవలెవలకు పోయింది తమ్మీ?" అడిగాడు దేవదాస్.

"అల్లం రాజేందర్ మామకు, ఉప్పుల సమ్మయ్యకు, నూనె బాలవ్వకు, కోరుట్లల మా అక్క శ్రీవాణికి."

"మీ అక్క అత్తగారి ఇంటిపేరు?"

"మిరియాల."

దేవదాస్ మొహం పాలిపోయింది. "అల్లం. ఉప్పు. నూనె. మిరియాలు. గిది దొంగతనం గాదు తమ్మీ, ముఠా! మసాలంత జమైంది. ఇంక తక్కువేంది?"

"కొత్తిమీరనా?"

"మేక! మేకల ఇంటిపేరున్నోడే సూత్రధారి!"

"గివి ఇంటిపేర్లు గదన్నా..."

"మనం గట్లనుకోవాలెననే వాళ్ల ప్లాన్!"

ఇద్దరి బండి కోరుట్లలో శ్రీవాణి ఇంటిముందు ఆగింది. శ్రీవాణి చాయ పోసింది. దేవదాస్ దాన్ని వాసన చూసి, "నువ్వు పెండ్లికి ముందుగూడ మిరియాలనేనా?" అని గద్దించాడు.

"నీకేమన్న దిమాక్ ఖరాబైందా అన్నా?"

"మేకలోళ్లు ఎవలన్న ఎరికేనా?"

"రాజేందర్ మామ బిడ్డ సంగీతనిచ్చింది మేకలోళ్లకే గదా, సిరిసిల్లల."

దేవదాస్ చాయ తాగకుండానే లేచాడు. "అల్లం బిడ్డ మేకలోళ్ల ఇంట్ల! వంట షురువైంది తమ్మీ!"

దారిలో రుద్రంగి ఊరు దాటేదాకా వేణు చెవిలో ఇదే మోత. సిరిసిల్లలో మరమగ్గాల చప్పుళ్ల మధ్య వేణును సందు మొగదల కాపలా పెట్టి, దేవదాస్ ఒక్కడే లోపలికి పోయాడు. చాలాసేపటికి ఒక గుడ్డసంచితో బయటికొచ్చాడు.

"ఏమైందన్నా?"

"ముదుర్లు. మటన్ మాట ఎత్తంగనే సంగీత మొగడు మెడల హనుమాన్ మాల చూపెట్టి, దీక్షల నీసు ముట్టనన్నడు. ఏం తెలివి!"

"టిఫిను సంగతి అడిగినవా?"

"పిచ్చోడా! టిఫిను అడిగితే హుషారైపోతరు గదా."

"మరి గా సంచేంది?"

"లంచం! కల్పనక్కకియ్యమని చేతుల పెట్టింది సంగీత. ముట్టకు, సాక్ష్యం."

జగిత్యాలలో అత్తాకోడళ్లు చెరో గోడకు మొహం పెట్టి కూర్చున్నారు. దేవదాస్ సంచిని లస్మవ్వ ముందు పెట్టి గొంతు సవరించుకున్నాడు.

"అవ్వా, గుండె రాయి చేసుకో. సూత్రధారి తప్పించుకున్నడు. నీ టిఫిను ఇప్పటికి దేశం దాటింది."

ఆయన ఉపన్యాసం నడుస్తుండగానే లస్మవ్వ సంచి విప్పింది. లోపల టిఫిను. తమ్ముడిచ్చిన టిఫినే. నిండా గరిజెలు, అవే కజ్జికాయలు.

"రాజేందర్ మామోళ్లు గీ టిఫిన్లనే మామిడి తొక్కు పెట్టి బిడ్డకు పంపినట్టున్నరు," అంది కల్పన మెల్లగా. "వట్టి గిన్నె పంపుడెట్లని సంగీత గరిజెలు చేసింది."

లస్మవ్వ టిఫినును కొంగుతో తుడిచి ఒళ్లో పెట్టుకుంది. కళ్లనిండా నీళ్లు.

"ముట్టద్దు! వేలిముద్రలు!" అని అరిచాడు దేవదాస్.

లస్మవ్వ ఈసారి కొడుకు వైపు చూడనైనా లేదు.

"కల్పనా, గా దేవదాసు నోట్లె ఒక గరిజె పెట్టవే, ఊకుంటడు. నువ్వు గూడ తిను."

కల్పన ఆయన నోట్లో రెండు పెట్టింది.