మోగని బాక్సుల కిరాయి

శుభకార్యానికి వచ్చిన జనం శబ్దాన్ని కంటితో వింటారు! నిర్మల్‌లో సౌండ్ సిస్టం కిరాయికిచ్చే సదానందం అనే నేను లోకానికి తెలియజేస్తున్న సత్యం ఇది.

నా దగ్గర రెండు రకాల బాక్సులున్నాయి. మొదటి రకం మోగుతుంది. రెండో రకం మోగదు. అందులో స్పీకరు ఉండదు. చెక్క, ముందు జాలీ, నల్లరంగు, అంతే. మా ఊరి కళాకారులు కొయ్యతో పండ్లు చేస్తారు. నేను కొయ్యతో శబ్దం చేస్తాను.

మస్కట్ నుంచి వచ్చిన లక్ష్మీరాజం కొడుక్కి ధోతి ఫంక్షన్ పెట్టుకుని నా షాపుకు వచ్చాడు.

"సదానందం, ఇరవై నాలుగు బాక్సులు కావాలె."

"గంత సప్పుడు మీ వాకిట్ల పట్టది అన్నా. నాలుగు చాలు."

"నాలుగా! ఇచ్చోడ ఊర్ల మా సడ్డకుడు సాంబయ్య బిడ్డ చీర ఫంక్షన్‌కు ఇరవై పెట్టిండు. అప్పట్నించి మా ఇంటామె నాతోని మంచిగ మాట్లాడుతలేదు!"

సడ్డకుడు అంటే భార్య అక్క లేదా చెల్లెలి భర్త. భూమి మీద మగవాడు ఎవరి చేతిలోనైనా ఓడిపోవచ్చు, ఆయన చేతిలో తప్ప.

"ఇరవై నాలుగు పెడ్త. ఎంతిస్తరు?"

"నాలుగింటి పైసలిస్త."

ఖాతాదారుని ఆశను తగ్గించకూడదు. బాక్సులో ఉన్నదాన్ని తగ్గించాలి. మా వృత్తి ధర్మం ఇదే.

"నాలుగు మోగుతయి అన్నా. ఇరవై ఉత్తగ నిలవడ్తయి. నిలవడ్డదానికి పావు కిరాయి."

"మోగనిదానికి కిరాయేందివయ్యా?"

"మోగకుంట ఉండుడు గంత ఆసానా? ఎక్కియ్యాలె, దించాలె, నోరు మూసుకోవాలె."

నోరు మూసుకోవడం దగ్గర ఆయన బేరం ఆపాడు.

"ఎవనికన్న తెలిస్తే నా ఇజ్జత్ పోతది."

"నా దుకాణం పోతది."

ఒప్పందం కుదిరింది.

ఫంక్షన్ రోజు పందిరి పక్కన బాక్సుల గోడ లేచింది. సాంబయ్య వచ్చాడు. కుర్చీలో కూర్చోలేదు, పిల్లవాడిని దీవించలేదు. పెదవులు కదుపుతూ బాక్సులు లెక్కపెట్టాడు. తర్వాత పరీక్షకు బయలుదేరాడు. మా వైపు బాక్సు మీద అరచెయ్యి ఆనించి చూస్తారు. చెయ్యి తిమ్మిరెక్కితే సౌండు ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

ఆయన చివరి బాక్సును ఎంచుకున్నాడు. పోయిన వారం దాకా అందులో మా కోడి గుడ్లు పొదిగింది.

అరచెయ్యి ఆనించాడు. జనం చూస్తున్నారు. లక్ష్మీరాజం అక్షింతల పళ్లెం పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. సాంబయ్య నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. ఇచ్చోడకు ఇరవై బాక్సులు పంపింది నేనే. వాటిలో మోగినవి రెండు.

"అబ్బబ్బ! చెయ్యి తిమ్మిరెక్కింది తియ్యి!" అని సాంబయ్య చెయ్యి విదిలించాడు.

దాంతో పెద్దమనుషులు వరుసకట్టారు. చాలామంది నా పాత ఖాతాదారులే. ఒక్కొక్కరికీ తిమ్మిరెక్కింది. మాజీ ఉపసర్పంచ్ ముత్తయ్యకైతే భుజం దాకా పాకింది!

మర్నాడు కిరాయి వసూలుకు వెళ్తే లక్ష్మీరాజం నన్ను నిలదీశాడు.

"ఇరవై బాక్సులకు ఇస్త. గా నాలుగింటికి ఇయ్య."

"మోగినయి అవే కదన్నా!"

"మోగితే? సాంబయ్య చెయ్యి తిమ్మిరెక్కింది దేనికి? ఉత్త బాక్సుకు. ముత్తయ్య భుజం గుంజింది దేనికి? ఉత్త బాక్సుకు! మోగేటియి ఎవడన్న ముట్టిండా? గా దండుగ నాకెందుకు అంటగట్టినవ్?"

న్యాయం ఆయన వైపే ఉంది. ఆ రోజే రేట్లు మార్చాను. మోగనివి ఇక మొదటి రకం, వాటికి పూర్తి కిరాయి. మోగేవి రెండో రకం, వాటికి పావు.

సాయంత్రం సాంబయ్య ఫోన్ చేశాడు. గృహప్రవేశమట, ముప్పై బాక్సులు కావాలట. కొత్త రేట్లు వివరించాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"అన్నీ మొదటి రకమే పెట్టు సదానందం. రెండో రకం ఒక్కటి కనవడ్డా ఊకోను. సుట్టాలల్ల ఇజ్జత్ సవాల్!"