ఎండకూ లుంగీకీ మధ్య బ్రోకర్లు

ఎండలో బట్టలారేసుకోవడం అనాగరికం. ఈ మాట ఊరికే అనడం లేదు. శంషాబాద్ పక్కన ఒక పర్యావరణహిత అపార్ట్‌మెంట్‌కు గ్రీన్ కమిటీ ఛైర్మన్ హోదాలో అంటున్నాను.

మాది అలాంటిలాంటి అపార్ట్‌మెంట్ కాదు. 'కరెంటు పొదుపు చేద్దాం, భూమిని కాపాడుదాం' అని గేటు మీద పెద్ద లైట్ల బోర్డుంది. పట్టపగలు కూడా వెలుగుతూనే ఉంటుంది. ఆర్పేస్తే సందేశం జనానికి చేరేదెలా?

మా బాల్కనీల్లో దండెం కట్టకూడదు. ఆ రూలు ప్రతిపాదించింది నేనే. విమానాలన్నీ మా నెత్తిమీదుగానే దిగుతాయి. హైదరాబాద్‌ను మొదటిసారి చూస్తున్న విదేశీయుడికి ఆకాశంలోంచి ముందుగా దర్శనమిచ్చేది నా బనియనా? దేశం పరువేం కాను! మీటింగులో చప్పట్లు కూడా కొట్టారు.

మరి బట్టలు ఆరేదెలా అంటారా? ఇంటింటికీ డ్రయ్యర్ వచ్చింది. దానికి కరెంటు ఎక్కడిదంటారా? మేడ మీద సోలార్ పలకలు పరిచాం. ఎండ పలకల మీద పడుతుంది, పలకలు కరెంటు చేస్తాయి, కరెంటు డ్రయ్యర్‌ను తిప్పుతుంది, డ్రయ్యర్ నా లుంగీని ఆరబెడుతుంది. ఇదివరకు ఆ పని ఎండే నేరుగా వచ్చి చేసి వెళ్ళేది. బ్రోకర్ లేకుండా పని జరిగిందంటే శంషాబాద్‌లో ఎవరైనా నమ్ముతారా?

ఈ అభివృద్ధికి అడ్డొచ్చింది ఒక్కరే, మా అత్తగారు కౌసల్యమ్మ. కొత్తూరు పక్కన పల్లె నుంచి వచ్చి మాతోనే ఉండేవారు. నేనూ నా భార్య స్వర్ణలతా ఆఫీసులకు పోతే ఇల్లు నడిపేది ఆవిడే. డ్రయ్యర్ తలుపు వేసుంటే లోపలి బట్టలకు ఊపిరాడనట్టుంటుందట. బాల్కనీలో తాడు కట్టి నా గళ్ళ లుంగీ ఆరేశారు.

సెక్రటరీ శ్రావణ్‌కుమార్ దాన్ని ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. కింద నమస్కారం బొమ్మ ఒక్కటే. నాకు తల తీసేసినట్టయింది. కత్తెర తెచ్చి దండెం కోసేశాను. ఆదర్శం ఇంటి నుంచే మొదలవ్వాలి కదా!

అత్తగారు తడి లుంగీ నా భుజం మీద వేసి, సంచి సర్దుకుని ఊరికి వెళ్ళిపోయారు.

అప్పటి నుంచి ఇంట్లో పొయ్యి కన్నా పార్సిల్ డబ్బాలే ఎక్కువ కనిపిస్తున్నాయి. డ్రయ్యర్ వాడటం చేతకాక నా కాటన్ చొక్కాలు పిల్లల సైజుకొచ్చాయి. స్వర్ణలత నాతో ముక్తసరిగా మాట్లాడుతోంది. నిజం చెప్పొద్దూ, అత్తగారి మీద నాకూ బెంగగానే ఉంది.

మొన్న ఆదివారం అందరి డ్రయ్యర్లూ ఒకేసారి తిరిగి మొత్తం అపార్ట్‌మెంట్‌కు కరెంటు పోయింది. స్వర్ణలత తడి బట్టల బకెట్ తెచ్చి కారు డిక్కీలో పెట్టింది.

"అమ్మను ఎల్లగొట్టింది నువ్వే. నువ్వే పోయి తోల్కరా. ఇవి గూడ ఆరేసుకరా" అంది.

పెట్రోలు కొట్టించుకుని బెంగళూరు హైవే ఎక్కాను. ఆరడం కోసం ఇంత దూరం ప్రయాణం చేసిన లుంగీ జిల్లాలో నాదొక్కటే అయ్యుంటుంది.

అత్తగారు వాకిట్లో దండెం మీద అన్నీ దులిపి ఆరేశారు. నేను అన్నం తిని లేచేసరికి ఆరిపోయాయి. ఆవిడ మడతలు పెడుతూ అడిగారు.

"ఏంది అల్లుడా, మీ కాడ ఎండ కొడ్తలేదా?"

"కొడ్తది అత్తమ్మా. పర్మిషనే లేదు. నువ్వు జర కోపం ఇడిచిపెట్టి ఇంటికి రా."

"నాకేం కోపం లేదు. ముందుగాల ఎండకు పర్మిషన్ ఇయ్యుండ్రి. అదొచ్చినంక నేనొస్త."

ఎండకు పర్మిషన్ ఇవ్వాల్సింది గ్రీన్ కమిటీ. దాని ఛైర్మన్‌ని నేను. వచ్చే మీటింగులో లేచి అడిగేద్దామనే ఉంది. కానీ ఆ రోజు కరెంటు పొదుపులో ఆదర్శంగా నిలిచినందుకు నాకు శాలువా కప్పుతున్నారు. ఆ వేదిక మీద దండెం మాట ఎత్తితే ఏం బాగుంటుంది చెప్పండి?