మహిళా రైతు అయితే ఒకటి నొక్కండి

గోదావరి డెల్టాలో ఆడ రైతుకూ మగ రైతుకూ ఉన్న తేడా ఒక సోమవారం నుంచి అధికారికంగా రద్దయింది. ఇకపై పంట సలహాలన్నీ మహిళా రైతులకు నేరుగా ఫోన్లోనే అందుతాయని సమాన సలహా విభాగం అధికారి యుగంధర్ గారు రేడియోలో ప్రకటించారు. (ప్రకటన "రైతు సోదరులారా" అని మొదలైంది.)

రామచంద్రపురం దగ్గర వరి పండించే లోవమ్మ ఆ మాట విని సంబరపడింది. ఆమెకు నంబరుంది. ఆ నంబరున్న ఫోన్ మొగుడు వీరాస్వామి చొక్కా జేబులో ఉంటుంది. చొక్కా టీకొట్టు దగ్గరుంటుంది.

ఫోన్ మోగింది. "మీరు మహిళా రైతు అయితే ఒకటి నొక్కండి" అంది ఓ తీయని గొంతు. వీరాస్వామి మొహమాటస్తుడు. నొక్కాడు. ఆ గొంతు మీది గౌరవంతో అప్పట్నుంచీ ప్రతి సలహానూ చివరిదాకా విన్నాడు. ఇంటికెళ్లి చెప్పడమే మరిచిపోయేవాడు.

ఇంతలో లోవమ్మ చేలో వరి రసం పీల్చే దోమ పడింది. దుబ్బులు ఎర్రబారుతుంటే ఆటో ఎక్కి యుగంధర్ గారి ఆఫీసుకు పరిగెత్తింది.

"దోమకి ఏం చెయ్యాలో చెప్పండి బాబూ."

యుగంధర్ గారు కంప్యూటర్ చూశారు. "మీకు చెప్పేశాం కదమ్మా. పూర్తిగా విన్నారు కూడా."

"విన్నది మా ఆయనండి."

"ఆయన మహిళా రైతు కారా?"

"మగాడండి!"

"ఒకటి నొక్కారే! కాదని ఆయనే ఒప్పుకోవాలమ్మా. ఫోన్ చేస్తాం, రెండు నొక్కమనండి."

"పోనీ ఇప్పుడు నోటితో చెప్పెయ్యండి."

"ఒకే సలహా రెండుసార్లిస్తే సమానత్వం దెబ్బతింటుందమ్మా" అన్నారాయన బాధగా.

లోవమ్మ తిరిగి చేలోకి వచ్చేసరికి, పక్క చేను రాణి గట్టు మీంచి కేకేసింది. "వదినా! ముందు మడిలో నీళ్లు తీసెయ్యి! మాకలాగే తగ్గింది!" ఇద్దరూ కలిసి గట్టుకు గండి కొట్టారు. చేను దక్కింది. (కేక అనేది విభాగం గుర్తించిన సమాచార సాధనం కాదు. అందుచేత ఘనత ఫోన్‌కు చెందింది.)

ఆ ఏటి ఉత్తమ మహిళా రైతుగా వీరాస్వామి ఎంపికయ్యాడు. రాజమండ్రి సభలో అతనికి బొట్టు పెట్టి, చీర, గాజులు చేతికిచ్చారు. వ్యవసాయంలో ఆడవాళ్లకున్న ఇబ్బందులేంటో మనసు విప్పి చెప్పమని యుగంధర్ గారు మైకు అందించారు.

కుటుంబ సభ్యుల వరుసలోంచి లోవమ్మ లేచి నిలబడింది.

"కూర్చోండమ్మా, మహిళా రైతు మాట్లాడుతున్నారు" అన్నారెవరో.

వీరాస్వామి బొట్టు చెరగకుండా చెమట తుడుచుకుని, కాసేపు నిజాయితీగా ఆలోచించాడు.

"నాకైతే ఏమీ లేవండి."